గ్రాఫ్ మీది గీతను చదవడం: వాలు, అంతరఖండం ఎలా కనుక్కోవాలి

ఎండ ఎంత ఉందంటే 42 డిగ్రీలంటాం. జ్వరం ఎంత ఉందంటే 101 అంటాం. ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెప్పుకోవడం మనకు ఎంత అలవాటంటే, ఇవి రెండు వేరు కొలతలన్న సంగతే గుర్తుకు రాదు. కొత్తగా కొన్న డిజిటల్ థర్మామీటర్ 38.3 అని చూపించినప్పుడు మాత్రం చేతిలో పట్టుకుని ఆలోచిస్తాం. బిడ్డకు జ్వరం ఉన్నట్టా, లేనట్టా?

ఈ రెండు కొలతల సంబంధాన్ని గ్రాఫ్ పేపర్ మీద గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ చెప్పేదంతా రెండు సంఖ్యల్లో ఇమిడిపోతుంది. ఒకటి వాలు, రెండోది అంతరఖండం. అవి దొరికాక గ్రాఫ్ పక్కన పెట్టేసినా ఏ జ్వరాన్నయినా ఏ కొలతలోకైనా మార్చుకోవచ్చు. అందుకే ఈ జ్వరం గ్రాఫ్‌నే ముందు పెట్టుకుని పద్ధతి మొత్తం చూద్దాం. ఆ తర్వాత ఇంటర్ ల్యాబ్‌లో వచ్చే గ్రాఫ్‌లకు వెళ్దాం.

పిల్లలకు లెక్కలు చెబుతూ నేను గమనించిన విషయం ఒకటుంది. వాలు సూత్రం రానివాళ్లు చాలా తక్కువ. నిద్రలో లేపి అడిగినా 'వై2 మైనస్ వై1 బై ఎక్స్2 మైనస్ ఎక్స్1' అని చెబుతారు. కానీ గ్రాఫ్ ఇచ్చి కనుక్కోమంటే జవాబు తప్పుతుంది. తప్పంతా ఆ సూత్రంలో వేసే సంఖ్యలను గ్రాఫ్ నుంచి తీసుకునే చోట జరుగుతుంది. కాబట్టి సూత్రానికి కొంచెమే చోటిచ్చి, గ్రాఫ్ చదవడానికే ఎక్కువ చోటిస్తున్నాను. గ్రాఫ్ షీట్, బాగా చెక్కిన పెన్సిల్, కింద ఉన్నది కనిపించే ప్లాస్టిక్ స్కేలు దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు రెండు మాటలకు అర్థం

బాత్‌రూమ్‌లో గచ్చు వేసేటప్పుడు మేస్త్రీ 'వాటం' చూసుకుంటాడు. నీళ్లు జాలీ వైపు పోవాలి కదా. ఇన్ని అడుగుల దూరానికి ఇన్ని అంగుళాలు దిగాలి అని లెక్క వేసుకుంటాడు. గ్రాఫ్‌లో వాలు అన్నా అదే. అడ్డంగా కొంత దూరం వెళ్తే నిలువుగా ఎంత పెరిగింది, లేదా ఎంత తగ్గింది? నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగిస్తే వచ్చేది వాలు.

అంతరఖండం అంటే గీత అక్షాన్ని ఖండించే చోట ఉన్న విలువ. వై-అక్షాన్ని ఖండిస్తే వై-అంతరఖండం, ఎక్స్-అక్షాన్ని ఖండిస్తే ఎక్స్-అంతరఖండం. ఏ అక్షమో చెప్పకుండా ఉత్తగా 'అంతరఖండం' అని అడిగితే సాధారణంగా వై-అంతరఖండమే అడిగినట్టు.

సరళరేఖ సమీకరణం మీకు తెలిసిందే: వై = ఎమ్ఎక్స్ + సి. ఇందులో ఎమ్ వాలు, సి వై-అంతరఖండం.

మొదటి పని: గీతను చూడకండి, అక్షాలు చూడండి

గ్రాఫ్ చేతికి రాగానే కళ్లు గీత మీదికి పోతాయి. కాసేపు ఆపండి. ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి.

ఏ అక్షం మీద ఏముంది? మన గ్రాఫ్‌లో ఎక్స్-అక్షం మీద సెల్సియస్, వై-అక్షం మీద ఫారెన్‌హీట్ ఉన్నాయి. ఎవరైనా తారుమారుగా గీస్తే వాలు కూడా తలకిందులవుతుంది. 1.8 రావలసిన చోట 0.56 వస్తుంది.

ఒక్కో గడి విలువ ఎంత? పదో తరగతి పరీక్షలో గ్రాఫ్ షీట్‌పై పక్కన 'స్కేలు: ఎక్స్-అక్షంపై 1 సెం.మీ. = 5 యూనిట్లు' అని రాయిస్తారు చూడండి, అది మార్కుల కోసం రాసే మాట అనుకుంటారు చాలామంది. నిజానికి గ్రాఫ్ మొత్తానికి తాళంచెవి అదే. మన గ్రాఫ్‌లో ఎక్స్-అక్షంపై 1 సెం.మీ. అంటే 5 డిగ్రీల సెల్సియస్, వై-అక్షంపై 1 సెం.మీ. అంటే 20 డిగ్రీల ఫారెన్‌హీట్ అనుకుందాం. ఒక సెంటీమీటరులో 10 చిన్న గళ్లుంటాయి. అంటే అడ్డంగా ఒక చిన్న గడి 0.5 డిగ్రీలు, నిలువుగా ఒక చిన్న గడి 2 డిగ్రీలు. ఈ రెండు అంకెలనూ గ్రాఫ్ మూల పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. అచ్చు వేసిన గ్రాఫ్‌లో స్కేలు రాసి ఉండకపోతే, అక్షం మీద పక్కపక్కన ఉన్న రెండు అంకెల తేడాను మధ్యలో ఉన్న గళ్ల సంఖ్యతో భాగించండి.

మూల దగ్గర సున్నా ఉందా? ఇది చాలా ముఖ్యం. రెండు అక్షాలు కలిసే చోట ఎప్పుడూ (0, 0) ఉంటుందని అనుకోకండి. 20 దగ్గర మొదలుపెట్టిన గ్రాఫ్‌లు, 100 దగ్గర మొదలుపెట్టిన గ్రాఫ్‌లు బోలెడు. కొన్నిటిలో అక్షం మొదట్లో చిన్న వంకర గీత పెట్టి 'ఇక్కడ కొంత వదిలేశాం' అని చూపిస్తారు. కొన్నిటిలో అదీ ఉండదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో అంతరఖండం దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

రెండు బిందువులు ఎంచుకోవడం

ఇప్పుడు గీత దగ్గరికి రండి. దాని మీద రెండు బిందువులు కావాలి. ఎంచుకోవడంలో మూడు జాగ్రత్తలున్నాయి. అవి కచ్చితంగా గీత మీద ఉండాలి. గళ్ల గీతలు ఒకదాన్నొకటి కోసుకునే చోటే మన రేఖ కూడా పోతే మరీ మంచిది, అప్పుడు విలువను అంచనా వేయక్కర్లేదు. ఇక రెండు బిందువుల మధ్య దూరం ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు. కనీసం గీతలో సగం పొడవైనా ఉండాలన్నది నా పట్టుదల.

మన గ్రాఫ్‌లో 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీత సరిగ్గా 50 మీద ఉంది. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర 122 మీద ఉంది. కాబట్టి (10, 50), (50, 122) తీసుకుందాం. ఒక్కో బిందువు చుట్టూ పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టండి. మొదటి బిందువు నుంచి అడ్డంగా ఒక గీత, రెండో బిందువు నుంచి కిందికి ఒక గీత గీస్తే లంబకోణ త్రిభుజం వస్తుంది. ఈ త్రిభుజం గీయడం చాలామందికి బద్ధకం. గీయండి. నిలువు భుజం మీద, అడ్డం భుజం మీద వాటి విలువలు రాసేస్తే ఇక తికమక పడే చోటే ఉండదు. దిద్దేవాళ్లకు కూడా మీరు ఏం చేశారో ఒక్క చూపులో తెలుస్తుంది.

వాలు లెక్క

నిలువు మార్పు: 122 − 50 = 72.
అడ్డం మార్పు: 50 − 10 = 40.
వాలు: 72 ÷ 40 = 1.8.

పైన ఏ బిందువు నుంచి ఏ బిందువును తీసివేశారో కింద కూడా అదే వరుసలో తీసివేయాలి. పైన రెండోదాన్నుంచి మొదటిది, కింద మొదటిదాన్నుంచి రెండోది తీస్తే గుర్తు తారుమారై −1.8 వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. ఎడమ నుంచి కుడికి చదువుతూ పోతే గీత పైకి ఎక్కుతుంటే వాలు ధనాత్మకం, కిందికి దిగుతుంటే రుణాత్మకం. లెక్క మొదలుపెట్టక ముందే గీత ఎక్కుతోందా, దిగుతోందా చూసి ప్లస్ లేదా మైనస్ గుర్తు రాసిపెట్టుకోండి. చివర్లో వచ్చిన జవాబు దానితో కలవాలి.

ఇప్పుడు నేను ఎక్కువగా చూసే తప్పు. కొందరు విలువలు చదవకుండా గళ్లు లెక్కపెడతారు. మన త్రిభుజంలో నిలువు భుజం 3.6 సెం.మీ., అడ్డం భుజం 8 సెం.మీ. భాగిస్తే 0.45 వస్తుంది. అసలు జవాబు 1.8. నాలుగో వంతు! రెండు అక్షాల స్కేలు వేరు కాబట్టి ఇలా జరిగింది. కోణమానినితో కోణం కొలిచి టాన్ విలువ తీసినా ఇదే తప్పు. వాలు అంటే టాన్ తీటా అని పుస్తకంలో ఉన్నమాట నిజమే, కానీ అది రెండు అక్షాల మీదా ఒకే స్కేలు ఉన్నప్పటి మాట. స్కేలు మారిస్తే కాగితం మీద గీత నిటారుగా కనిపించవచ్చు, పడుకున్నట్టూ కనిపించవచ్చు. వాలు మాత్రం మారదు, ఎందుకంటే అది విలువల నిష్పత్తి.

వాలుకు ప్రమాణం కూడా ఉంటుంది. వై-అక్షం ప్రమాణాన్ని ఎక్స్-అక్షం ప్రమాణంతో భాగించండి. ఇక్కడ అది డిగ్రీ సెల్సియస్‌కు ఇన్ని డిగ్రీల ఫారెన్‌హీట్. మాటల్లో చెప్పుకుంటే, వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఫారెన్‌హీట్‌లో 1.8 డిగ్రీలు పెరిగినట్టు. ఇలా మీ వాలును ఒక మామూలు వాక్యంలో చెప్పి చూసుకోండి. చెప్పలేకపోతే అక్షాల దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

పడుకున్న గీతకు, అంటే ఎక్స్-అక్షానికి సమాంతరంగా ఉన్న గీతకు వాలు సున్నా. నిటారు గీతకు అడ్డం మార్పు సున్నా కాబట్టి భాగించడం కుదరదు, వాలు నిర్వచితం కాదు.

అంతరఖండం

ఎక్స్ విలువ సున్నా అయినప్పుడు వై ఎంత? అదే వై-అంతరఖండం. మన గ్రాఫ్‌లో మూల దగ్గర సున్నా ఉంటే, గీతను స్కేలుతో వెనక్కి పొడిగించి వై-అక్షాన్ని ఎక్కడ తాకిందో చదవండి. 32 దగ్గర తాకుతుంది. సున్నా సెల్సియస్ అంటే, నీళ్లు గడ్డకట్టే చోట, ఫారెన్‌హీట్ 32 అని దీని అర్థం.

ఇప్పుడు ఇదే గ్రాఫ్‌ను ఎవరో 20 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా మాత్రమే గీశారనుకోండి. మన ఊళ్లలో ఎండలు ఎక్కువగా ఆ మధ్యనే ఉంటాయి కాబట్టి అలా గీయడంలో తప్పు లేదు. అప్పుడు గీత ఎడమ వైపు నిలువు గీతను 68 దగ్గర తాకుతుంది. చూసిన వెంటనే 'అంతరఖండం 68' అని రాసేస్తారు. అది తప్పు. ఆ నిలువు గీత దగ్గర ఎక్స్ విలువ 20, సున్నా కాదు. 68 అన్నది 20 డిగ్రీల సెల్సియస్‌కు సమానమైన ఫారెన్‌హీట్, అంతే.

సున్నా గ్రాఫ్‌లో లేనప్పుడు లెక్కతోనే అంతరఖండం తేవాలి. ఇది చాలా సులువు. గీత మీది ఏదో ఒక బిందువు తీసుకోండి. దాని వై విలువ నుంచి, వాలును ఎక్స్‌తో గుణించి తీసివేయండి.

50 − (1.8 × 10) = 50 − 18 = 32.

రెండో బిందువుతోనూ చేసి చూడండి: 122 − (1.8 × 50) = 122 − 90 = 32. రెండూ కలిశాయి. కలవకపోతే ఒక బిందువు చదవడంలో గానీ, వాలులో గానీ తప్పుంది. నేనైతే అంతరఖండం గ్రాఫ్ మీద కళ్లకు కనిపిస్తున్నా ఈ లెక్క కూడా చేయిస్తాను. అర నిమిషం పని.

ఎక్స్-అంతరఖండం కావాలంటే వై సున్నా పెట్టాలి. −32 ÷ 1.8 = −17.8. అంటే సున్నా ఫారెన్‌హీట్ మన సెల్సియస్‌లో మైనస్ 17.8.

ఇక సమీకరణం రాసేయొచ్చు: ఫారెన్‌హీట్ = 1.8 × సెల్సియస్ + 32. రాశాక ఇంతవరకూ వాడని మూడో బిందువుతో సరిచూడండి. గ్రాఫ్‌లో 30 డిగ్రీల దగ్గర గీత 86 మీద ఉంది. లెక్కలో 1.8 × 30 + 32 = 86. సరిపోయింది. ఇప్పుడు ఆ థర్మామీటర్ దగ్గరికి వెళ్దాం. 38.3 ను 1.8తో గుణిస్తే 68.94, దానికి 32 కలిపితే దాదాపు 101. బిడ్డకు జ్వరం ఉంది.

దిగే గీత: బ్యాటరీ సెల్ గ్రాఫ్

రుణాత్మక వాలు అనగానే కొందరికి టెన్షన్. ఒక టార్చిలైట్ సెల్‌తో చూద్దాం. సెల్ నుంచి ఎక్కువ కరెంట్ తీసుకునే కొద్దీ దాని రెండు కొనల మధ్య వోల్టేజ్ తగ్గుతుంది. కారణం సెల్ లోపలే కొంత నిరోధం ఉండటం. దాన్ని అంతర్నిరోధం అంటారు. ఎక్స్-అక్షంపై కరెంట్, వై-అక్షంపై వోల్టేజ్ వేస్తే గీత దిగుతుంది.

గీత మీద రెండు బిందువులు (0.2 ఆంపియర్, 1.40 వోల్ట్), (0.8 ఆంపియర్, 1.10 వోల్ట్) అనుకుందాం.

వాలు: (1.10 − 1.40) ÷ (0.8 − 0.2) = −0.30 ÷ 0.6 = −0.5.

వోల్ట్‌ను ఆంపియర్‌తో భాగిస్తే ఓమ్. కాబట్టి అంతర్నిరోధం 0.5 ఓమ్. మైనస్ గుర్తు వోల్టేజ్ తగ్గుతోందని చెబుతోంది, నిరోధం రుణాత్మకమని కాదు. అంతరఖండం: 1.40 − (−0.5 × 0.2) = 1.40 + 0.10 = 1.5 వోల్ట్. కరెంటే తీసుకోనప్పుడు సెల్ ఇచ్చే వోల్టేజ్ అది. మైనస్‌ను తీసివేస్తే ప్లస్ అవుతుందన్నది ఇక్కడ మరిచిపోతారు, అప్పుడు 1.3 వస్తుంది. గీత దిగుతోంది కదా, కాబట్టి సున్నా దగ్గర వోల్టేజ్ 1.40 కంటే ఎక్కువే ఉండాలి. ఇంత చిన్న ఆలోచన ఆ తప్పును పట్టిస్తుంది.

ఈ గ్రాఫ్‌లో వై-అక్షాన్ని మామూలుగా 1.0 వోల్ట్ దగ్గర మొదలుపెడతారు, లేకపోతే గీత పైమూలన నక్కి కూర్చుంటుంది. అలా గీసినప్పుడు గీత కింది అడ్డగీతను 1 ఆంపియర్ దగ్గర తాకుతుంది. దాన్ని ఎక్స్-అంతరఖండం అనుకుంటే మళ్లీ పాత తప్పే. అక్కడ వోల్టేజ్ 1.0, సున్నా కాదు. అసలు ఎక్స్-అంతరఖండం 1.5 ÷ 0.5 = 3 ఆంపియర్లు, గ్రాఫ్ షీట్‌లో ఎక్కడా కనిపించని చోట.

ప్రయోగశాల గ్రాఫ్: లఘులోలకం

ఇంతవరకూ బిందువులన్నీ బుద్ధిగా గీత మీదే ఉన్నాయి. ల్యాబ్‌లో, ఉదాహరణకు దారానికి గుండు కట్టి ఊగించే లఘులోలకం ప్రయోగంలో, అలా ఉండవు. స్టాప్‌వాచ్ నొక్కడంలో కాస్త ఆలస్యం, దారం కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా. బిందువులు గీతకు అటూ ఇటూ పడతాయి.

అప్పుడు చుక్క నుంచి చుక్కకు కలుపుతూ గీయకూడదు. పారదర్శకమైన స్కేలును బిందువుల మీద ఆనించి, కొన్ని పైన, కొన్ని కింద దాదాపు సమంగా ఉండేలా ఒకే ఒక్క సరళరేఖ గీయాలి. ఒక బిందువు మాత్రం మిగతావాటికి దూరంగా ఎక్కడో ఉంటే ముందు ఆ రీడింగ్ మళ్లీ తీయండి. గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగకండి.

గీత గీశాక వాలు కోసం గీత మీది బిందువులే తీసుకోవాలి, పట్టికలోని రీడింగులు కాదు. ఇది చాలామందికి నచ్చదు. 'కష్టపడి తీసిన రీడింగులు వదిలేసి గీత మీద ఏదో బిందువు తీసుకోవడమేమిటి?' అంటారు. ఆ గీత రీడింగులన్నిటి సగటులాంటిది. ఒక్కో రీడింగులో ఉన్న పొరపాటును మిగతావి సర్దేశాయి. మళ్లీ రెండు రీడింగులే తీసుకుంటే ఆ లాభమంతా పోతుంది.

లోలకంలో పొడవు ఎల్‌ను మీటర్లలో ఎక్స్-అక్షంపై, డోలనకాలం (ఒకసారి అటూ ఇటూ పూర్తిగా ఊగడానికి పట్టే సమయం) వర్గం టి²ను వై-అక్షంపై వేస్తాం. గీత మీద (0.40, 1.61), (1.00, 4.03) చదివామనుకోండి.

వాలు: (4.03 − 1.61) ÷ (1.00 − 0.40) = 2.42 ÷ 0.60 = 4.03 సెకన్² ప్రతి మీటరుకు.

సిద్ధాంతం ప్రకారం ఈ వాలు, పై (π) వర్గానికి 4 రెట్లను గురుత్వ త్వరణం జితో భాగిస్తే వచ్చే విలువ. పై వర్గానికి 4 రెట్లు అంటే 39.48. కాబట్టి జి = 39.48 ÷ 4.03. అంటే సుమారు 9.8 మీటర్లు ప్రతి సెకన్²కు. హైదరాబాద్‌లో అసలు విలువ సుమారు 9.78. దారం, గుండు, స్టాప్‌వాచ్‌తో ఇంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదు. కొన్ని చోట్ల టి²ను ఎక్స్-అక్షంపై వేయిస్తారు. అప్పుడు వాలు 0.248 వస్తుంది, దాన్ని 39.48తో గుణించాలి. అక్షాలు ముందు చూడమన్నది ఇందుకే.

బిందువులు దూరంగా ఉండాలని ఎందుకు పట్టుబట్టానో ఇక్కడ తెలుస్తుంది. టి² తేడాను చదవడంలో మీకు 0.05 పొరపాటు జరిగిందనుకోండి. 0.40, 1.00 మీటర్ల బిందువులు తీసుకుంటే తేడా 2.42, అందులో 0.05 అంటే 2 శాతం. 0.40, 0.50 తీసుకుంటే తేడా 0.40 మాత్రమే, అందులో అదే 0.05 ఏకంగా 12 శాతం.

ఇప్పుడు అంతరఖండం సంగతి. లోలకం గీత మూలబిందువు గుండా పోవాలి. కానీ కొన్నిసార్లు వై-అక్షాన్ని కొంచెం పైన, 0.08 దగ్గర తాకుతుంది. ఆ అంతరఖండాన్ని పట్టించుకోకుండా వదిలేయకండి, అది ఒక కబురు చెబుతోంది. గీతను ఇంకా వెనక్కి పొడిగిస్తే ఎక్స్-అక్షాన్ని −0.02 మీటర్ల దగ్గర, అంటే మైనస్ 2 సెం.మీ. దగ్గర తాకుతుంది. అంటే మీరు కొలిచిన ప్రతి పొడవూ అసలు పొడవు కంటే 2 సెం.మీ. తక్కువ. దారాన్ని కొక్కెం దాకానే కొలిచి, కొక్కెం నుంచి గుండు మధ్యబిందువు దాకా ఉన్న దూరాన్ని కలపడం మరిచిపోయారన్నమాట!

అన్ని పొడవులూ సమానంగా తగ్గితే గీత మొత్తం పక్కకు జరుగుతుంది తప్ప వాలు మారదు. కాబట్టి వాలు నుంచి తీసిన జి విలువ చెక్కుచెదరదు. అదే రీడింగులను ఒక్కొక్కటిగా సూత్రంలో వేస్తే 40 సెం.మీ. దగ్గర జి 9.3 దాకా, 100 సెం.మీ. దగ్గర 9.6 దాకా మాత్రమే వస్తుంది. సగటు తీసినా సరికాదు. గ్రాఫ్ గీయమని ఎందుకు అంటారో నాకు ఈ లెక్క చేసి చూసిన రోజే నిజంగా అర్థమైంది. పొరపాటును అంతరఖండంలోకి నెట్టేసి, వాలును శుభ్రంగా మన చేతికిస్తుంది గ్రాఫ్.

వాలులో దాక్కున్న ప్లాంక్ స్థిరాంకం

ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రంలో కాంతివిద్యుత్ ఫలితం చదివేవాళ్లు ఈ గ్రాఫ్ దగ్గర కాసేపు ఆగాలి. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. వాటిని పూర్తిగా ఆపడానికి కావలసిన వోల్టేజ్, ఆ కాంతి పౌనఃపున్యంతో (సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్కతో) పాటు సరళరేఖలో పెరుగుతుందని 1905లో ఐన్‌స్టీన్ సమీకరణం చెప్పింది. ఆ గీత వాలు, ప్లాంక్ స్థిరాంకాన్ని (కాంతి శక్తిని దాని పౌనఃపున్యంతో ముడిపెట్టే సంఖ్యను) ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వచ్చే విలువ కావాలి. అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ మిలికాన్‌కు ఆ సిద్ధాంతం మీద నమ్మకం కుదరలేదు. ఏళ్ల తరబడి జాగ్రత్తగా ప్రయోగాలు చేసి 1916లో ఫలితాలు ప్రచురించాడు. గీత సరళరేఖే వచ్చింది. దాని వాలు ఐన్‌స్టీన్ చెప్పినట్టే ఉంది. 1921 నోబెల్ ఐన్‌స్టీన్‌కు, 1923 నోబెల్ మిలికాన్‌కు దక్కడంలో ఈ గీతకూ వాటా ఉంది.

సోడియానికి అలాంటి గ్రాఫ్‌ను మనం చదువుదాం. ఎక్స్-అక్షంపై పౌనఃపున్యం 10¹⁴ హెర్ట్జ్‌లలో ఉంది. ఈ 10¹⁴ అక్షం పేరు పక్కన చిన్నగా రాసి ఉంటుంది, దాన్ని వదిలేస్తే జవాబు ఎక్కడికో పోతుంది. గీత మీద (6, 0.20 వోల్ట్), (12, 2.69 వోల్ట్) తీసుకుంటే:

వాలు: 2.49 ÷ (6 × 10¹⁴) = 4.15 × 10⁻¹⁵ వోల్ట్-సెకన్.

దీన్ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌తో గుణిస్తే 6.64 × 10⁻³⁴ జౌల్-సెకన్. ప్లాంక్ స్థిరాంకం ఒప్పుకున్న విలువ 6.63 × 10⁻³⁴. వై-అంతరఖండం 0.20 − (0.415 × 6) = −2.29 వోల్ట్. అంటే సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి 2.29 ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి కావాలి. దీన్నే పని ప్రమేయం అంటారు. ఈ అంతరఖండం గ్రాఫ్‌లో అడ్డగీతకు బాగా కింద, రీడింగులేవీ లేని చోట ఉంటుంది. గీత అడ్డగీతను తాకే చోటు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది, 5.5 దగ్గర. తొందరలో దాన్నే పని ప్రమేయం అనుకుంటారు. అది ఆరంభ పౌనఃపున్యం, 5.5 × 10¹⁴ హెర్ట్జ్; కాంతి పౌనఃపున్యం అంతకంటే తక్కువైతే ఎలక్ట్రాన్లు బయటికి రావు. ప్రశ్న దేన్ని అడిగిందో చూసుకోండి.

సోడియం బదులు ఇంకో లోహం తీసుకుంటే గీత పక్కకు జరుగుతుంది, అంతరఖండాలు రెండూ మారతాయి. వాలు అదే ఉంటుంది. గీతలన్నీ సమాంతరం. వాలు కాంతి గురించి చెబుతోంది, అంతరఖండం లోహం గురించి చెబుతోంది.

మీరే ఒకటి చేయండి

ఆటో ఛార్జీ గ్రాఫ్ గీయండి. మొదటి 2 కిలోమీటర్లకు కనీస ఛార్జీ 40 రూపాయలు, ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకు 15 రూపాయలు అనుకుందాం. ఎక్స్-అక్షంపై దూరం, వై-అక్షంపై ఛార్జీ. ఏటవాలు గీతకు వాలు, అంతరఖండం కనుక్కోండి. జవాబు చదివే ముందు కాగితం మీద చేసి చూడండి.

గ్రాఫ్ రెండు ముక్కలుగా వస్తుంది. 2 కిలోమీటర్ల దాకా 40 దగ్గర పడుకున్న గీత, దాని వాలు సున్నా. అక్కడి నుంచి పైకి ఎక్కే గీత. ఎక్కే గీత మీద 4 కిలోమీటర్లకు 70 రూపాయలు, 10 కిలోమీటర్లకు 160 రూపాయలు. వాలు 90 ÷ 6 = 15 రూపాయలు ప్రతి కిలోమీటరుకు. అంతరఖండం 70 − (15 × 4) = 10. మీకు 40 వచ్చి ఉంటే, పడుకున్న గీత వై-అక్షాన్ని తాకే చోటు చదివారన్నమాట. ఎక్కే గీతను చుక్కల గీతగా వెనక్కి పొడిగించి చూడండి, అది 10 దగ్గర తాకుతుంది. ఆ 10 రూపాయలు ఏ డ్రైవరూ అడిగే ఛార్జీ కాదు, ఎందుకంటే ఛార్జీ = 15 × దూరం + 10 అన్న సమీకరణం 2 కిలోమీటర్ల నుంచే పనిచేస్తుంది. 8 కిలోమీటర్లకు 130 రూపాయలు వచ్చిందేమో సరిచూసుకోండి.